గుడ్డు వేడి చేస్తుందా? పప్పు తింటే కుట్లు చీము పడతాయా?
గర్భిణులు, బాలింతలు, మూడేళ్లలోపు పిల్లల తల్లుల కోసం – తిండి మీద ఉన్న అపోహలు, అసలు సంగతులు

ఈ పత్రం ఎవరికంటే: ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో భోజనం తీసుకునే గర్భిణులకు, ప్రసవమై ఆరు నెలలు నిండని బాలింతలకు, బాలామృతం ప్యాకెట్ అందుకునే పిల్లల తల్లులకు. ఇంట్లో అత్తమ్మ, అమ్మమ్మ, మీ ఆయన కూడా చదివితే ఇంకా మంచిది. ఎందుకంటే ఇంట్లో ఏం వండాలి, ఎవరికి ఎంత పెట్టాలి అని చెప్పేది చాలాసార్లు మీరు కాదు, వాళ్లు. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.

మీకు రావాల్సింది ఏంటి?

ఆరోగ్యలక్ష్మి పథకం తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి నడుస్తోంది. అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి ఒక పూట పూర్తి భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు ఇస్తారు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణికి, బాలింతకు రోజుకు 600 కేలరీల శక్తి, 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉన్న భోజనం అందాలి. అది మీ హక్కు.

ఈ లెక్క మీ పళ్లెంలో ఎట్లా కనిపిస్తుందంటే, ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గ్లాసు పాలలో ఇంకో 6 గ్రాములు. ఒక మనిషికి వేసే పప్పులో ఇంకో ఆరు, ఏడు గ్రాములు. అంటే గుడ్డు వద్దని పక్కన పెడితే, పాలు పెద్దోనికి పోస్తే, మీకు అందాల్సిన ప్రొటీన్‌లో సగానికి పైగా పోయినట్టే. మిగిలేది అన్నం, చారు.

టిఫిన్ డబ్బాలో పెట్టించుకుని ఇంటికి తీసుకుపోయేవాళ్లు ఉన్నారు. ఇంటికి పోయాక ఆ గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో అందరికీ తెలిసిందే. ఎదురుగా పిల్లాడు నిలబడితే ఏ తల్లి ఒక్కతే తినగలుగుతుంది? అందుకే అక్కడే కూర్చుని తినమంటారు, టీచర్ పెత్తనం చేయడానికి కాదు. పిల్లాడికి వాడి వాటా వాడి వయసును బట్టి వేరే ఉంటుంది.

"ఎక్కువ తింటే బిడ్డ పెద్దగైతది, ఆపరేషన్ అయితది"

ఊళ్లల్లో బాగా వినిపించేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఏడో నెల దాటినాక కొన్ని ఇండ్లల్లో కావాలనే తిండి తగ్గిస్తారు. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువైతదని వాళ్ల ఆలోచన.

తల్లి తిండి తగ్గిస్తే ముందుగా తగ్గేది తల్లి ఒంట్లోని బలం, రక్తం. బిడ్డ బరువు కూడా తగ్గొచ్చు. కానీ కాన్పు సులువు కాదు. నొప్పులు పడటానికి, బిడ్డను తోయడానికి తల్లికే శక్తి కావాలి. పుట్టినప్పుడు రెండున్నర కిలోల కంటే తక్కువ ఉన్న బిడ్డను తక్కువ బరువు బిడ్డ అంటారు. అట్లాంటి బిడ్డకు ఒంట్లో వేడి నిలవదు, పాలు గట్టిగా చీకలేదు, జబ్బులు త్వరగా అంటుకుంటాయి. ఆపరేషన్ ఎందుకు అవుతుందంటే బిడ్డ అడ్డం తిరగడం, బీపీ పెరగడం, మాయ కిందికి ఉండటం, కాన్పు దారి సన్నగా ఉండటం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. తల్లికి షుగర్ ఉండి అదుపులో లేకపోతే బిడ్డ మరీ పెద్దగా పెరగొచ్చు, అది నిజమే. దానికి మందు షుగర్ పరీక్ష చేయించుకోవడం. పస్తులుండటం కాదు.

దీనికి ఎదురు మాట ఇంకొకటి ఉంది, "ఇద్దరి కోసం తినాలె" అని. అదీ సరి కాదు. గర్భిణికి మామూలుగా తినేదాని మీద రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక జొన్న రొట్టె కలిపితే సుమారు అంత అవుతుంది. రెండు పళ్లేల అన్నం అక్కర్లేదు. మామూలు బరువు ఉన్న ఆడమనిషి తొమ్మిది నెలల్లో 10 నుంచి 12 కిలోల దాకా పెరగాలి. మీ ఎంసీపీ కార్డులో నెలనెలా బరువు రాస్తారు. పెరగకుంటే ఏఎన్ఎంను అడగండి.

ఒక్కపొద్దులు, గ్రహణం రోజు పస్తులు: కడుపుతో ఉన్నప్పుడు పూటంతా ఖాళీ కడుపుతో ఉండొద్దు. కళ్లు తిరిగి పడిపోతే ప్రమాదం. దేవుడు అర్థం చేసుకుంటాడు.

"గుడ్డు వేడి, బొప్పాయి తింటే కడుపు పోతది"

ఉడికించిన గుడ్డు వేడి చేసి గర్భం పోవడం అనేది లేదు. ఎండాకాలమైనా సరే తినొచ్చు. పచ్చి గుడ్డు, సగం ఉడికిన గుడ్డు మాత్రం వద్దు. వేడి చేస్తుందని కాదు, దానిలో క్రిములు ఉండొచ్చని. కొందరు "ఫారం గుడ్డులో బలం లేదు, నాటుకోడి గుడ్డే కావాలె" అని అంగన్‌వాడీ గుడ్డు తిరగ్గొడతారు. రంగు, రుచి తేడా ఉంటాయి. బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

బొప్పాయి సంగతిలో పెద్దల మాటలో కొంత నిజం ఉంది. పచ్చి బొప్పాయిలో పాలు ఉంటాయి. అవి గర్భసంచిని కదిలించే అవకాశం ఉంది కాబట్టి పచ్చికాయ, దోరకాయ వద్దు. బాగా పండిన పండులో ఆ పాలు దాదాపు ఉండవు. అయినా మనసుకు భయంగా ఉంటే బొప్పాయి మానేయండి, దాంతో వచ్చే నష్టం లేదు. జామ, అరటి, బత్తాయి, సీతాఫలం ఏ కాలంలో ఏది చవకగా దొరికితే అది తినండి. ఒక పండు మానేస్తే ఏం కాదు. గుడ్డు, పప్పు, ఆకుకూర మానేస్తేనే కష్టం.

"బీట్‌రూట్, బెల్లం తింటే రక్తం పడ్తది, గోలీలు ఎందుకు?"

దీని మీద కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే పది మందిలో దాదాపు ఆరుగురికి. మీ వీధిలో పది మందిని లెక్కపెట్టుకోండి.

కాన్పులో ఎంతో కొంత రక్తం పోవడం మామూలే. ఒంట్లో రక్తం సరిపడా ఉన్న తల్లి తట్టుకుంటుంది. ముందే తక్కువున్న తల్లికి అదే రక్తం పోవడం ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. 7 కంటే తగ్గితే ఇంట్లో ఉండొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని అనుకుంటాం. ఆ ఎరుపు ఇనుముది కాదు, దాని సొంత రంగు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. బెల్లం నయమే గానీ మనం తినే చిన్న ముక్కలో వచ్చేది చాలా తక్కువ. కిలోలకొద్దీ తింటే వచ్చేది షుగర్. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఒక్క ఐరన్ గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. రక్తం తక్కువున్నప్పుడు ఆ లోటును తిండి ఒక్కటే అంత త్వరగా పూడ్చలేదు. తోటకూర, పాలకూర, మునగాకు, నువ్వులు, పల్లీలు, మాంసం తినాల్సిందే. గోలీ వేసుకోవాల్సిందే. ఒకటి తింటున్నాం కాబట్టి ఇంకొకటి వద్దనుకోవద్దు.

గోలీ గురించి ఇంట్లో చెప్పే మాటలు మూడు. బిడ్డ నల్లగా పుడ్తది అంటారు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది, గోలీ నుంచి రాదు. (కుంకుమపువ్వు పాలు తాగితే తెల్లగా పుడుతుందనేది కూడా అంతే. ఆ డబ్బుకు డజన్ల కొద్దీ గుడ్లు వస్తాయి.) దొడ్డికి నల్లగా వస్తోంది, ఒంట్లో ఏదో అయింది అంటారు. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోతే ఆ రంగు వస్తుంది, భయపడొద్దు. మూడోది, వాంతి వస్తోంది, కడుపులో తిప్పుతోంది అని. ఇది నిజమే. కానీ దానికి మార్గం ఉంది. పొద్దున ఖాళీ కడుపుతో కాకుండా రాత్రి అన్నం తిన్నాక, పడుకునే ముందు వేసుకోండి. అయినా తగ్గకపోతే ఆశా అక్కతో చెప్పండి, ఎవరికీ చెప్పకుండా గోలీలను అటక మీద దాచిపెట్టొద్దు. గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు వేసుకోవాలి. చాలామంది కాన్పు కాగానే ఆపేస్తారు. పోయిన రక్తం తిరిగి రావాల్సిన సమయం అదే కదా.

చాయ్ గురించి కూడా చెప్పాలి. అన్నం తిన్న వెంటనే, గోలీ వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. కనీసం గంట ఆగండి. పప్పులో, కూరలో నిమ్మకాయ పిండుకుంటే, పక్కన జామకాయ ఉంటే ఇనుము బాగా పడుతుంది. కాల్షియం గోలీని, ఐరన్ గోలీని కలిపి వేసుకోవద్దు. రెండింటికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. కాల్షియం పొద్దున, మధ్యాహ్నం తిన్నాక, ఐరన్ రాత్రికి అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు.

"బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నరు"

అంగన్‌వాడీ బియ్యంలో కొన్ని గింజలు వేరే రంగులో, వేరే తీరుగా కనిపించొచ్చు. నీళ్లలో వేస్తే కొన్ని పైకి తేలొచ్చు. అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో చేస్తారు. వంద కిలోల మామూలు బియ్యంలో ఒక కిలో ఈ గింజలు కలుపుతారు. పిండితో చేసినవి కాబట్టి తేడాగా కనిపిస్తాయి. వాటిని ఏరి పారేస్తే బలాన్ని ఏరి పారేసినట్టే. బియ్యం ఎక్కువసార్లు పిసికి కడగొద్దు, గంజి వార్చి పారబోయొద్దు.

అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే ఎగురుతోందని వీడియోలు వస్తుంటాయి. అన్నంలోని పిండిపదార్థం జిగురుగా ఉంటుంది, ఏ బియ్యమైనా గట్టిగా ముద్ద చేస్తే కొంచెం ఎగురుతుంది. తలసేమియా, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఐరన్ గోలీలైనా, ఈ బియ్యమైనా డాక్టర్‌ను అడిగే వాడాలి.

పురుగు పట్టిన బియ్యం, ముక్క వాసన వచ్చే నూనె, కుళ్లిన గుడ్డు వస్తే అది అపోహ కాదు. వాటిని తీసుకోవద్దు, ఎవరికి చెప్పాలో చివర రాశాం.

బాలింత పత్యం

పెద్దోళ్లు చెప్పిన పత్యంలో అన్నీ తప్పులే అనడం మా ఉద్దేశం కాదు. వేడివేడిగా తినడం, మిరియాల చారు, ఎల్లిపాయ, నెయ్యి, నలభై రోజులు బరువు పనులు చేయనీయకపోవడం మంచివే. చివరిది ఎంత గట్టిగా పాటిస్తే అంత మంచిది. ఇబ్బంది ఎక్కడంటే, పెట్టకుండా ఆపేసేవాటితో.

"పప్పు తింటే కుట్లు చీము పడ్తయి." ఆపరేషన్ అయిన బాలింతలకు చాలా ఇండ్లల్లో పప్పు, గుడ్డు, మాంసం నెల దాకా పెట్టరు. కారం మెతుకులతో సరిపెడతారు. కుట్టు మానాలంటే కొత్త కండ రావాలి, కొత్త కండకు ప్రొటీన్ కావాలి. ప్రొటీన్ ఉండేది పప్పులో, గుడ్డులో, పాలలో, మాంసంలో. అంటే గాయం మానడానికి కావాల్సినవే ఆపుతున్నాం. చీము పట్టేది క్రిములు చేరితే. కుట్లను తడి లేకుండా, శుభ్రంగా ఉంచుకోవడం, డాక్టర్ రాసిన మందులు పూర్తిగా వాడటం దానికి మార్గం. కుట్ల దగ్గర ఎరుపు, వాపు, వాసన, జ్వరం ఉంటే పప్పు మానేసి చూద్దాం అని ఆగొద్దు. ఆసుపత్రికి పోండి.

"నీళ్లు తాగితే పొట్ట జారుతది, బిడ్డకు జలుబు చేస్తది." పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ దాహం వేస్తుంది. నీళ్లు ఆపితే మలబద్ధకం వస్తుంది, కుట్లు ఉన్నవాళ్లకు అది నరకం. మూత్రంలో మంట కూడా వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు దాహం తీరేదాకా తాగండి. పెరుగు, పండ్లు, వంకాయ, సొరకాయ తిన్నందుకు పాలలో నుంచి బిడ్డకు జలుబు పోదు. జలుబు వచ్చేది ఇంట్లో జలుబున్న మనిషి బిడ్డను ఎత్తుకుంటే.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. గర్భంలో కావాల్సినదాని కంటే ఇది ఎక్కువ. మనం సరిగ్గా అప్పుడే తిండి తగ్గిస్తున్నాం.

చంటి బిడ్డ సంగతి

ముర్రుపాలు పచ్చగా, చిక్కగా ఉంటాయి, చెడిపోయినవి కావు. పుట్టిన గంటలోపే పట్టాలి. తేనె, చక్కెర నీళ్లు, గాడిద పాలు ఏవీ నాకించొద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు, ఎండాకాలంలో కూడా. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే.

ఆరు నెలలు నిండినాక జరిగే పొరపాటు "పప్పు తేట". బలమంతా తేటలో దిగుతుందని నమ్మి, పైన తేరిన నీళ్లు బిడ్డకు పోస్తారు, ముద్ద పప్పు పెద్దోళ్లు తింటారు. తేటలో ఉండేది ఉప్పు, కొంచెం రంగు, ఎక్కువగా నీళ్లు. బిడ్డ కడుపు చిన్నది, నీళ్లతో నిండిపోతే ఇంకేం పట్టదు. అన్నం, పప్పు కలిపి మెత్తగా నలిపి, అర చెంచా నెయ్యో నూనో వేసి పెట్టండి. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి. అంత చిక్కగా ఉండాలి. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడు సార్లు. తొమ్మిది నెలల నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు. పళ్లు రాలేదని గుడ్డు ఆపొద్దు. బాగా ఉడికించి, పచ్చసొన, తెల్లసొన రెండూ నలిపి పెట్టొచ్చు.

బాలామృతం ప్యాకెట్ రెండున్నర కిలోలు. రోజుకు వంద గ్రాముల చొప్పున నెలలో 25 రోజులకు, ఒక్క బిడ్డకు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి చేసింది. తియ్యగా ఉందని ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుంటే వారంలో అయిపోతుంది. "బలానికి" అని నెలకో డబ్బా పొడి కొనేవాళ్లకు ఒక మాట: ఆ డబ్బా వెనుక చక్కెర ఎంతుందో చూడండి. అయిదు రూపాయల ప్యాకెట్లు, చాయ్‌లో ముంచిన బిస్కెట్ల గురించి మీకే తెలుసు. వాటితో ఆకలి చచ్చిపోతుంది, అంతే.

విరేచనాలు అవుతుంటే "కడుపు కాల్చాలి" అని తిండి ఆపొద్దు. తల్లిపాలు, మెత్తటి అన్నం పెడుతూనే ఉండండి. ఓఆర్ఎస్ పట్టండి, జింక్ గోలీ 14 రోజులు పూర్తిగా వేయండి, విరేచనాలు ముందే ఆగినా సరే.

షుగర్ ఉన్న గర్భిణులకు ఒక చిన్న సంగతి. "రాగి జావ ఎంత తాగినా షుగర్ పెరగదు" అనేది నిజం కాదు. రాగుల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ. కొలత ప్రకారమే, బెల్లం లేకుండా తాగాలి.

"మా వంశంల అందరు సన్నగనే ఉంటరు"

సన్నగా ఉండటం వేరు, చిక్కిపోవడం వేరు. ఆరు నెలలు నిండిన బిడ్డ జబ్బకు అంగన్‌వాడీ టీచర్ కొలత పట్టీ చుడుతుంది. 12.5 సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువ ఉంటే పచ్చ. 11.5 నుంచి 12.5 మధ్య పసుపు. 11.5 కంటే తక్కువైతే ఎరుపు. ఎరుపులో ఉన్న బిడ్డకు మామూలు జబ్బు వచ్చినా ప్రాణానికి ముప్పు. "పాలు తాగుతోంది, ఆడుకుంటోంది" అని ఆగకుండా పీహెచ్‌సీకి తీసుకుపోవాలి. అక్కడి నుంచి పోషకాహార పునరావాస కేంద్రానికి పంపిస్తే తల్లి కూడా బిడ్డతో ఉండొచ్చు. రెండు పాదాలు ఉబ్బిన బిడ్డ లావెక్కినట్టు కనిపిస్తుంది, అదీ ప్రమాదమే. వేలితో నొక్కితే గుంట పడి నిలిచిపోతే అదే రోజు చూపించండి.

గుడ్డు, పాలు, ప్యాకెట్ సరిగ్గా రాకపోతే

ముందు టీచర్‌ను అడగండి, సరుకు రాలేదా, వచ్చి ఇవ్వలేదా అని. జవాబు సరిగ్గా లేకపోతే సెక్టార్ సూపర్‌వైజర్‌కు, ఆ పైన ప్రాజెక్టు ఆఫీసులో సీడీపీఓకు చెప్పండి. నోటితో చెప్పిన మాట నిలవదు. తేదీ, ఏం రాలేదు, ఎన్ని రోజులు రాలేదు అని కాగితం మీద రాసి ఇవ్వండి, మీ దగ్గర ఫోన్‌లో ఒక ఫొటో ఉంచుకోండి. నలుగురు కలిసి సంతకం పెడితే ఇంకా బలం. ఊరు మారి పుట్టింటికి కాన్పుకు పోతే, అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి. ఎంసీపీ కార్డు, ఆధార్ వెంట పెట్టుకుని పోండి. ఆరోగ్యం మీద సందేహం ఉంటే 104కు, అత్యవసరమైతే 108కు ఫోన్ చేయండి.